గీత దగ్గర నిలబడేదెవరు?

సాఫ్ట్‌వేర్ పిల్లలున్న ఇల్లయితే ఈ మాట మీ చెవిన పడే ఉంటుంది: "ఆ కోడ్ పనికిరాదు నాన్నా, స్క్రాచ్ నుంచి రాయాల్సిందే." కొత్తగా కర్రీ పాయింట్ పెట్టినాయనా అదే అంటాడు, సినిమా తీసేవాడూ అదే అంటాడు. చేతిలో ఏమీ లేకుండా మొట్టమొదటి నుంచీ అని వాళ్ళ భావం. బాగానే ఉంది. ఇంతకీ ఆ స్క్రాచ్ ఏమిటంటారా? గీతండీ. పరుగు పందేనికి నేలమీద గీసే మామూలు గీత.

పాతకాలపు ఇంగ్లండు పందేల్లో అందర్నీ ఒక్కచోట నుంచే వదిలితే గెలిచేదెవడో ముందే తెలిసిపోయేది. ఇక డబ్బు కాసేవాడికి మజా ఏముంటుంది? అందుకని నెమ్మదిగా పరుగెత్తేవాళ్ళని కొన్ని గజాలు ముందు నిలబెట్టేవారు. గట్టివాడికి మాత్రం ఆ వెసులుబాటు లేదు, గీత మీంచే ఉరకాలి. అంటే చూడండి, స్క్రాచ్ నుంచి మొదలెట్టేవాడు ఏమీ లేనివాడు కాదు, అందరిలోకీ మొనగాడు!

ఆ తమాషా ఇప్పటికీ ఆస్ట్రేలియాలో ఉంది. విక్టోరియా రాష్ట్రంలో స్టావెల్ అని ఒకప్పటి బంగారు గనుల ఊరు. అక్కడ ఈస్టర్ పండక్కి జరిగే 'స్టావెల్ గిఫ్ట్' పందెం 1878లో మొదలైంది. ఇప్పుడది పచ్చిక మీద 120 మీటర్లు. పురుషుల పందెంలో గీత మీంచి బయల్దేరి గెలవడం దాదాపు వందేళ్ళపాటు ఎవరివల్లా కాలేదు. చివరికి 1975లో మడగాస్కర్ నుంచి వచ్చిన జాన్ లూయీ రావెలోమనంత్సోవా గెలిచాడు. (ఆ పేరు తడబడకుండా పలికినవాళ్ళకీ ఒక బహుమతి ఇవ్వొచ్చు.) ఆయనేం తక్కువవాడు కాదు, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో వంద మీటర్ల ఫైనల్ దాకా వెళ్ళినవాడు. తర్వాత 2005లో జోష్ రాస్ అదే పని చేసి చూపించాడు.

గోల్ఫ్‌లోనూ అంతే, రాయితీ సున్నా అయిన ఆటగాణ్ణే 'స్క్రాచ్ ప్లేయర్' అంటారు.

అందుకే కొందరి గొప్పలు వింటే నాకు నవ్వొస్తుంది. తాతగారి స్థలం, మామగారి పెట్టుబడి, బాబాయిగారి పలుకుబడి. ఆపైన మైకు పట్టుకుని "నేను స్క్రాచ్ నుంచి పైకొచ్చాను" అంటారు. ఏమండీ, తమరు గీతకి పది గజాలు ముందు నిలబడ్డారు కదా!

వంటింట్లో వాడితే మాత్రం పేచీ లేదు. కొట్లో కొన్న పులిహోర పేస్టు కాకుండా చింతపండు నానబెట్టి, పోపు పెట్టి చేశారా, అది స్క్రాచ్ నుంచి చేసినట్టే. ఆ పులుసు కాస్తా మాడి మళ్ళీ చింతపండు నానబెట్టాల్సొస్తే మటుకు ఈ మాట చాలదు. ఇంగ్లీషువాడు 'బ్యాక్ టు స్క్వేర్ వన్' అంటాడు. మన ఇళ్ళల్లో అయితే, కథ మళ్ళీ మొదటికొచ్చింది, ఈపూటకి పెరుగన్నంతో కానిచ్చేయండి అంటారు.