హబ్బు మీద తుప్పు

నవంబర్ 4, 2024. జగిత్యాల

ధర్మపురి నుంచి వస్తుంటే 80లో బ్రేకు తొక్కాను. పెడల్ కాలిని తిరిగి తోసింది, స్టీరింగ్ వణికింది. వేగం తగ్గేకొద్దీ తోపుడు కూడా నెమ్మదించి, 10కి వచ్చేసరికి ఒక్కొక్కటీ లెక్కపెట్టేంతైంది. చక్రంతో పాటు తిరిగేదేదో దీనికి మూలం. 80 వేగంలో చక్రం సెకనుకు 11, 12 చుట్లు తిరుగుతుంది, 10లో ఒకటిన్నర. ఏబీఎస్ కాదిది. అది చక్రం జారబోతేనే కొడుతుంది, మామూలు బ్రేకుకు పలకదు.

నవంబర్ 5. కథలాపూర్ రోడ్డు

సగం రోడ్డు వడ్లే. అంచున రాళ్లు పేర్చి ఉంచారు. వడ్లు ఎత్తుకుపోయాక ఆ రాళ్లు రాత్రిళ్లు అక్కడే ఎందుకుంటాయో ఎవరూ చెప్పరు.

ఖాళీ రోడ్డు చూసుకుని 40లో హ్యాండ్‌బ్రేకు మీట నొక్కే ఉంచి మెల్లగా లాగాను. అది పట్టేది వెనక డ్రమ్ములనే. వణుకు లేదు. కాలి బ్రేకు తొక్కితే మళ్లీ స్టీరింగ్‌లోకి వచ్చింది. కాబట్టి ముందు డిస్కులే. కారు విప్పకుండా చేసే ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, అయినా ఎవరూ చేయరు.

నవంబర్ 7. కోరుట్ల

చక్రం విప్పకుండానే మెకానిక్ తీర్పు చెప్పేశాడు. "డిస్క్ బెండయ్యింది సార్. జోడు మార్చుడే."

ఈ మాట ఎక్కడికి పోయినా ఇంతే. వంగడం అరుదు. ఎక్కువసార్లు జరిగేది డిస్క్ ఒకచోట మందంగా, ఒకచోట పలచగా అరగడం. మిల్లీమీటరులో వందో వంతులు రెండు మూడు తేడా వస్తే చాలు, కాలికి తెలిసిపోతుంది. మందం దగ్గర పాడ్ వెనక్కి జరుగుతుంది, ఆయిల్ దాని వెంట వెనక్కి తోసుకొస్తుంది, పెడల్ లేస్తుంది. పలచన దగ్గర దిగుతుంది. ఇది కంటికి కనబడేది కాదు, వేలితో తడిమితే దొరికేది కాదు. మైక్రోమీటర్ లేని షెడ్డులో బెండ్ అనడం ఊహే.

మారుస్తానని చెప్పలేదు. చాయ్ తాగి వచ్చేశాను.

నవంబర్ 10. సిరిసిల్ల

సాంచాల, అంటే మరమగ్గాల, సామాను చేసే లేత్ షెడ్డు. "బతుకమ్మ చీరల ఆర్డర్ ఈ యేడు లేకపాయె, కార్ల పని వట్టుకున్న" అన్నాడు పెద్దమనిషి. సాంచాకూ బ్రేకుంటుంది. పేక పోగు తెగితే ఫోర్కు దాన్ని పసిగట్టి మిషన్ ఆపాలి, లేకుంటే బట్టలో సందు పడుతుంది. షాఫ్టు కొంచెం వంకరగా తిరిగినా పట్టుకోగల చేతులివి.

డిస్కు విప్పి మైక్రోమీటర్‌తో చుట్టూ కొలిచాడు. ఒకచోట 21.43 మిల్లీమీటర్లు, ఎదురుగా 21.40. అంచు మీద అచ్చొత్తిన కనీస మందం 20. అంటే పడేయాల్సినంత అరగలేదు, చెక్కడానికి ఇంకా లోహం ఉంది.

"రోగం దీంట్ల లేదు సార్. ఇది కూసునే జాగ జూడున్రి."

హబ్బు ముఖం మీద ఒక పక్క తుప్పు పొరలు కట్టి ఉంది. డిస్కు ఆ తుప్పు మీద వంపుగా కూర్చుంది. హబ్బు దగ్గర ఇసుమంత ఎత్తు బయటి అంచుకొచ్చేసరికి ఇంకా పెరుగుతుంది. ఆ ఊగే భాగం, బ్రేకు వేయని సమయంలో కూడా, చుట్టుకొక్కసారి పాడ్‌కు తగులుతూ పోతుంది. వేల కిలోమీటర్లు అలా రాసుకుని అక్కడే పలచబడుతుంది. బ్రేకు తొక్కనప్పుడు అరిగిన డిస్కు, తొక్కినప్పుడు బయటపడింది! ఆ తుప్పును అక్కడే ఉంచి కొత్త జోడు బిగించి ఉంటే కొన్ని నెలలకు అవీ ఇదే దారి పట్టేవి.

నట్ల సంగతీ అడిగాడు. టైరు షాపుల్లో గాలి గన్నుతో ఒక్కో నట్టునూ పూర్తిగా బిగించి పక్కదానికి పోతారు. కొందరు పానా మీదెక్కి తొక్కుతారు. హబ్బు, డిస్కు వంకర పట్టడానికి అదీ ఓ దారి.

నవంబర్ 12. కొండగట్టు

కొత్త బండ్లకు వాహన పూజలు. 2023 జనవరిలో పవన్ కల్యాణ్ ప్రచార వాహనం వారాహికి కూడా ఇక్కడే పూజ జరిగింది. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టేవాళ్లు చాలామంది, ఆ చక్రం వెనక ఏముందో వంగి చూసేవాళ్లు ఒక్కరూ లేరు.

ఈ ఘాట్ మీదే 2018 సెప్టెంబర్ 11న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. చుట్టుపక్కల ఊళ్లలో ఆ తేదీ ఇంకా అందరికీ గుర్తే. నేను దిగేటప్పుడు రెండో గేరు, మధ్యమధ్య చిన్న బ్రేకు. వెయ్యి కిలోల కారు 80 నుంచి ఆగితే పుట్టే వేడి ముప్పావు లీటరు నీళ్లు మరిగించేస్తుంది. దిగువన ఆగగానే కాలితో బ్రేకు అదిమిపట్టి నిలబడితే, కాలే పాడ్ తన పదార్థాన్ని డిస్కుకు ఒకేచోట అంటిస్తుంది. ఆ మరకా వణుకు పుట్టిస్తుంది. సెగలు కక్కే డిస్కు మీద కార్ వాష్ నీళ్లు కొట్టించడమూ మంచిది కాదు.

నవంబర్ 13

ఇంగ్లిష్ ఇంజనీరు లాంచెస్టర్ డిస్క్ బ్రేకుకు పేటెంట్ తీసుకున్నది 1902లో. లైనింగు రాగిది. ఆనాటి దుమ్ము రోడ్లకు తొందరగా అరిగిపోయేదట, పైగా కీచుమనేది.

నవంబర్ 14. సిరిసిల్ల

తీగ బ్రష్షు, ఎమరీ పేపరుతో హబ్బు మెరిసేదాకా గీకాం. డిస్కు రెండు ముఖాలూ లేత్ మీద ఒకే బిగింపులో చెక్కాడు. విప్పి తిప్పి బిగిస్తే రెండు ముఖాలూ సమాంతరంగా రావట. క్యాలిపర్ పిన్నుల్లో ఒకటి పట్టేసి ఉంది. తుడిచి బ్రేకులకు వాడే గ్రీజు పెట్టాం, మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. అన్నీ కూర్చాక డయల్ గేజ్ పెట్టి చేత్తో తిప్పితే డిస్కు ఊగుడు 0.04 మిల్లీమీటర్లు. చాలా కార్లకు 0.05 లోపు మంచిదని లెక్క. దాటితే డిస్కును ఒక బోల్టు పక్కకు జరిపి కూర్చోబెట్టి చూడాలని కూడా చెప్పాడు. నట్లు ఎదురెదురుగా, మూడు విడతల్లో, టార్క్ పానాతో.

ఖర్చు కొత్త జోడు ధరలో ఐదో వంతు కూడా కాలేదు.

వాపసు రుద్రంగి మీదుగా. ఖాళీ చోట 60 నుంచి 10 దాకా బ్రేకు, ఎక్కడా పూర్తిగా ఆపకుండా, మళ్లీ మళ్లీ. తర్వాత బ్రేకు ముట్టకుండా చల్లారేదాకా నడపడం. పాడ్ డిస్కుకు సమంగా అలవాటు పడాలంటే ఇదే పద్ధతి. కోరుట్ల చేరేసరికి పెడల్ నిశ్చలం.

నవంబర్ 20. జగిత్యాల

పంక్చర్. "తమ్మీ, గన్ను వద్దు, చేత్తో బిగించు" అన్నాను. నవ్వాడు. "గట్లయితె మీరే బిగించుకోండ్రి సార్." పానా అందుకున్నాను. ఇక వెనక డ్రమ్ములు మిగిలాయి, వచ్చే వారం వాటినీ విప్పి చూడాలి.