తారు దారికి అడవి టైరా?

కొత్త కారు. బానెట్ మీద బంతిపూల దండ, అద్దం మీద పసుపు కుంకుమలతో స్వస్తిక్ గుర్తు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. పూజారి హారతి ఇచ్చి తలూపగానే బండి మెల్లగా ముందుకు కదులుతుంది. కాయలు చిట్లుతాయి. పాల్వంచ దాటి భద్రాచలం వైపు కొద్ది దూరం వెళితే రోడ్డు పక్కనే కనిపించే పెద్దమ్మ గుడి దగ్గర ఇది తరచూ కనిపించే దృశ్యం. లారీ డ్రైవరైనా, పెళ్ళిబృందం వ్యానైనా అక్కడ ఓ క్షణం ఆగి దణ్ణం పెట్టుకునే సాగుతారు. ముందున్నది అడవి, ఆపైన గోదావరి మరి!

ఆ నిమ్మకాయల్ని నలిపిన టైర్ల గురించి మాత్రం ఆరోజు ఎవరికీ పట్టదు. పట్టేది మూడు నాలుగేళ్ళ తర్వాత, మొదటి సెట్టు అరిగినప్పుడు. టైర్ల షాపులో అసలు కథ మొదలవుతుంది. "ఎటూ భద్రాచలం, పర్ణశాల, మారేడుమిల్లి తిరుగుతుంటారు కదా సార్... ఈసారి ఏటీ వేయించండి. బండికి లుక్కు కూడా వస్తుంది" అంటాడు షాపతను. ఇంటాయనకి మనసు లాగుతుంది. ఇంటావిడకి బిల్లు గుర్తొస్తుంది. వెనక సీట్లో పిల్లలు మాత్రం ఏకగ్రీవంగా ఏటీకే ఓటేస్తారు. ఎవరు రైటు?

ఆ మాట తేలాలంటే ముందు టైర్ల కులగోత్రాలు తెలియాలి. హెచ్‌టీ అంటే హైవే టెరైన్. తారు రోడ్డు కోసం పుట్టింది. గాడులు సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. ఎంటీ అంటే మడ్ టెరైన్. బురద కోసం, బండరాళ్ళ కోసం చేసింది. గాడిలో వేలు పెట్టొచ్చు. తారు మీద వేగం అందుకుంటే తేనెతుట్టె కదిపినంత రొద. ఏటీ, అంటే ఆల్ టెరైన్, ఈ రెండిటికీ మధ్య రకం. హెచ్‌టీ కంటే పెద్ద బొడిపెలు, లోతైన గాడులు, కాస్త గట్టి పక్కగోడలు. 2020లో కొత్త మహీంద్రా థార్ ఈ రకం టైర్లతోనే షోరూముల్లోకి వచ్చింది. ఆ బండికి అవి నప్పుతాయి. ఎందుకంటే దాన్ని తయారు చేసిందే ఆ పని కోసం. ఏడాదిలో మూడొందల రోజులు ఆఫీసుకీ, బడికీ, కూరగాయల మార్కెట్టుకీ తిరిగే ఎస్‌యూవీ సంగతి వేరు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టే ఏ వస్తువైనా రెండు చోట్లా కొంత వదులుకోక తప్పదు.

ఎంత వదులుకోవాలో ఈ దారే చెబుతుంది. ఖమ్మం నుంచి భద్రాచలం దాదాపు 120 కిలోమీటర్లు. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణాకి తహసీల్దారు. ఆయన నాటికి ఇక్కడ తారూ లేదు, టైరూ లేదు. 1965లో అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ వంతెన ప్రారంభించేదాకా రాముడి గుడికి వెళ్ళాలంటే గోదావరి మీద పడవే దిక్కు. ఇప్పుడు వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ, సారపాక... గుడి దాకా తారే. పర్ణశాలకీ తారే. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ దిగినా తారే. అంటే యాత్రకి వచ్చే కుటుంబం ఇల్లు వదిలింది మొదలు మళ్ళీ ఇల్లు చేరేదాకా మట్టి తొక్కేది హోటల్ పార్కింగులోనో, మామిడితోట పక్కన భోజనాల కోసం ఆగినప్పుడో!

అలాగని ఈ తారు మెత్తటి పరుపేం కాదు. కొత్తగూడెం చుట్టుపక్కల బొగ్గు లారీలు, సారపాక పేపరు మిల్లుకి జామాయిలు కర్ర మోసే లారీలు. వాటి బరువుకి రోడ్డు అంచులు విరిగిపోతాయి, గుంతలు పడతాయి. వానాకాలం నాట్లప్పుడు ఇంకో చిక్కు. పొలంలోంచి దమ్ము చక్రాలతో ట్రాక్టరు రోడ్డెక్కుతుంది. వెనకే మట్టిగడ్డలు రాలుస్తూ పోతుంది. ఆపైన సన్నటి జల్లు పడిందంటే ఆ నాలుగు గజాలూ సబ్బు రాసిన బండే. మలుపు తిరగ్గానే రోడ్డుకి అడ్డంగా గేదెల మంద. బ్రేకు మీద కాలు పడేది అప్పుడే.

సరిగ్గా అక్కడే ఏటీ టైరు కాస్త వెనకబడుతుంది. తడి తారు మీద బండి ఆగాలంటే రబ్బరు ఎంత ఎక్కువగా నేలని అంటుకుంటే అంత మంచిది. సన్నటి చీలికలు నీటిని పక్కకి నెట్టాలి. పెద్ద బొడిపెల మధ్య ఖాళీ ఎక్కువ, నేలని తాకే రబ్బరు తక్కువ. పైగా రాళ్ళకి చిరగకూడదని ఆ రబ్బరుని గట్టిగా చేస్తారు. అందుకే తడి రోడ్డు మీద మంచి హెచ్‌టీతో పోలిస్తే ఏటీ సాధారణంగా కొంచెం ఎక్కువ దూరం జారాకే ఆగుతుంది. ఆ కొంచెమే గేదెకీ బంపరుకీ మధ్య ఉండాల్సిన దూరం. బరువు కూడా ఎక్కువే కాబట్టి మైలేజీ తగ్గుతుంది. రొద సరేసరి. పాత పాటలు వింటూ ప్రయాణించే అలవాటున్న ఇంట్లో అదీ చిన్న విషయం కాదు.

అయితే ఏటీ ఉత్త షోకేనా? కాదు. భద్రాచలం దాటి చర్ల, దుమ్ముగూడెం వైపు ప్రధాన రోడ్డు వదిలి కోయగూడేల దారి పట్టినవాళ్ళని అడగాలి. మొరం రోడ్డు, దాని మీద తేలిన కంకర రాళ్ళు. అడవి అంచున నరికేసిన వెదురు మోళ్ళు బల్లేల్లా పైకి చూస్తుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు సేకరణ సాగే రోజుల్లో నేల ఎండి గట్టిగానే ఉంటుంది. అక్కడ పట్టు దొరక్క బండి ఆగదు, మోడు గుచ్చుకుని ఆగుతుంది. నేలని తాకే చోట మేకు దిగితే పది నిమిషాల్లో పంక్చరు వేస్తారు. పక్కగోడ చీలితే ఏ పంక్చరు షాపూ ఏమీ చేయలేదు, ఆ టైరు పాతసామాన్లకే. ఏటీ టైరుకి అసలు విలువ ఇక్కడుంది. పట్టు కంటే ముందు పక్కగోడ! గూడేల్లో పనిచేసే డాక్టర్లు, కాంట్రాక్టర్లు, వారానికి నాలుగు రోజులు మొరం మీదే తిరిగే వ్యాపారులు ఏటీ కొంటే అది దుబారా అనలేం.

బురద విషయంలో మాత్రం భ్రమలొద్దు. ఖమ్మం పల్లెల్లో పత్తి, మిరప పండే నల్లరేగడి నేల ఒక్క వానకే జిగురు ముద్దవుతుంది. ఏటీ గాడులు రెండు చుట్లు తిరిగేసరికి ఆ ముద్దతో నిండిపోతాయి. ఆ తర్వాత అది కూడా గుండు టైరే. నిలువునా గిర్రున తిరగడం తప్ప ముందుకు పోదు. ఆ ఊరి రైతు ఏం చేస్తాడు? వాన వెలిసి నేల ఆరేదాకా బండి తియ్యడు. తప్పదంటే ట్రాక్టరు తీస్తాడు. నాలుగు చక్రాలకీ శక్తి అందని బండికి, అంటే మన దగ్గర అమ్ముడయ్యే ఎస్‌యూవీల్లో చాలావాటికి వెనకవో ముందువో రెండే చక్రాలు తిరిగే బండికి, అలాంటి చోట ఏ టైరు వేసినా పెద్ద తేడా ఉండదు.

నీటి దగ్గరైతే ఇంకా జాగ్రత్త. పెద్ద టైర్లు చూసుకుని వాగులోకి బండి దింపే ధైర్యం ప్రాణాల మీదికి తెస్తుంది. పారే నీరు అడుగు లోతుంటే చిన్న కారుని తేల్చేస్తుంది. రెండడుగులుంటే ఎస్‌యూవీనీ ఈడ్చుకుపోతుంది. బండి తేలాక టైరు నేలనే తాకదు, ఇక దాని గాడుల లోతు ఎంతైతేనేం? 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. 2024 జులైలో అశ్వారావుపేట దగ్గర పెద్దవాగు కట్ట తెగింది. అదే ఏడాది సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మంలోకి పొంగింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకుపోయిన తొమ్మిదిమందిని ఒడ్డుకి చేర్చింది ఓ జేసీబీ డ్రైవరు. అంతెత్తు చక్రాల యంత్రంతోనూ అది ప్రాణాలకి తెగించిన సాహసమే.

మరో మాట. 1977లో అభయారణ్యంగా ప్రకటించిన కిన్నెరసాని అడవి పాల్వంచకి పక్కనే. ఏటీ టైర్లున్నాయి కదా అని రోడ్డు దిగి చెట్ల మధ్యకి పోనిస్తే అది సరదా కాదు, నేరం. అనుమతి లేకుండా అభయారణ్యంలో తిరగడాన్ని 1972 నాటి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. చక్రాల కింద నలిగేది మొలకలూ, గూళ్ళూ.

ఇంత విన్నాక కూడా ఏటీయే కావాలంటే కొనుక్కోవచ్చు, కానీ పక్కగోడ మీది అంకెలు చదవాలి. ఉదాహరణకి 215/60 ఆర్ 17, 96 హెచ్ అని ఉందనుకుందాం. వెడల్పు 215 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము 17 అంగుళాలు. 96 అంటే ఒక్కో టైరు 710 కిలోలు మోయగలదు. హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. బరువు అంకె, వేగం అక్షరం కంపెనీ ఇచ్చినదానికంటే తగ్గకూడదు. 'ఒక సైజు పెంచుదాం సార్' అనే మాటకి తల ఊపితే చక్రం పెద్దదై, స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది. నాలుగంకెల తయారీ తేదీ కూడా చూడాలి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. గోడౌనులో మూడేళ్ళు పడున్న సరుకుని కొత్త ధరకి కొనడం ఎందుకు?

తారు మీదే తిరిగే కుటుంబానికి మాత్రం మంచి హెచ్‌టీ సెట్టే సరైనది. మిగిలిన డబ్బులో కొంత స్టెప్నీకి పెడితే ఇంకా మంచిది. కొత్త బళ్ళలో చాలావాటికి స్టెప్నీ సన్నటి చిన్న చక్రమే. 2020లో నిబంధనలు సడలాక, టైరులో గాలి ఎంతుందో చూపే ఏర్పాటూ పంక్చరు కిట్టూ ఉంటే అసలు స్టెప్నీయే ఇవ్వకపోయినా చెల్లుతోంది. కిట్టులోని జిగురు మేకు రంధ్రాన్ని మూస్తుందేమో గానీ వెదురు మోడు చీల్చిన పక్కగోడని మూయలేదు. రాత్రి తొమ్మిదింటికి, ఫోను సిగ్నలు అందని అడవి మలుపులో, పిల్లలు నిద్రపోతున్న కారులో ఆ సంగతి తెలిసిరావడం ఎవరికీ వద్దు. పూర్తి సైజు స్టెప్నీ, సిగరెట్ లైటరు సాకెట్టుకి తగిలించే చిన్న గాలిపంపు, పనిచేసే జాకీ, టార్చిలైటు. ఈ నాలుగూ డిక్కీలో ఉంటే ఏటీ టైర్ల కంటే ఎక్కువ ధైర్యం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గేదాకా వాడొచ్చని చట్టం అంటుంది. వానాకాలం ముందు అంతదాకా ఆగకపోవడమే మేలు.

పాల్వంచ దగ్గర టీ కొట్టు ముందు సాయంత్రం పూట ఓ బొగ్గు లారీ ఆగుతుంది. డ్రైవరు మొహం కడుక్కుంటుంటే క్లీనరు కుర్రాడు చేతిలో ఇనపరాడ్డుతో బండి చుట్టూ తిరుగుతాడు. ఒక్కో టైరు మీదా ఒక్క దెబ్బ, చెవి పెట్టి వినడం, తర్వాతి టైరు. శబ్దం తేడాగా వస్తే ఆగి ఇంకోసారి కొడతాడు. పక్కనే ఆగిన ఎస్‌యూవీలోంచి దిగిన పిల్లలు టీ చల్లారేదాకా ఆ కుర్రాణ్ణే చూస్తుంటారు.