బ్రహ్మానందం ‘బెస్ట్ కామెడీ సీన్స్’పై అభిమానుల్లో పేచీ

సత్తెనపల్లి దగ్గరి చాగంటివారిపాలెంలో 1956లో పుట్టిన బ్రహ్మానందం, సినిమాల్లోకి రాకముందు అత్తిలిలో తెలుగు లెక్చరర్. ఆయన హాస్య సన్నివేశాల సంకలనాలు ఒకప్పుడు సీడీల్లో, ఇప్పుడు యూట్యూబ్‌లో వస్తున్నాయి. వాటిపై అభిమానులది ఒక మాట కాదు.

పాత తరం లెక్క జంధ్యాల ‘అహ నా పెళ్ళంట’ (1987)తో మొదలవుతుంది. పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు, ఆయన దగ్గర నలిగిపోయే అరగుండుగా బ్రహ్మానందం. ఆపైన ‘మనీ’ (1993)లో ఖాన్ దాదా. ‘మన్మథుడు’ (2002)లో లవంగం, ‘రెడీ’ (2008)లో మెక్‌డోవెల్ మూర్తి లేని సంకలనం సంకలనమే కాదనేది కుర్రకారు వాదన.

అసలు చిక్కు ఎంపికలో కన్నా కత్తిరింపులో ఉంది. ‘దూకుడు’ (2011)లో బ్రహ్మానందం పాత్ర పద్మశ్రీ, తాను రియాలిటీ షోలో ఉన్నానని నమ్మి మోసపోతాడు. ఆ నమ్మకం ఎలా కుదిరిందో చూపకుండా ముక్క కోస్తే మిగిలేది అరుపులూ హావభావాలే. అరగుండు సంగతీ అంతే: లక్ష్మీపతి పిసినారితనం కాస్త పేరుకున్నాకే వాడి ఉక్రోషం పేలుతుంది. అందుకే ‘పూర్తి సినిమా చూడాలి’ అనేవాళ్ల మాటలో బలముంది. అయితే మధ్యలో ఎక్కడ పెట్టినా నవ్వించగల ముఖం కావడం వల్లే ఈ ముక్కలు చెలామణి అవుతున్నాయన్నదీ కాదనలేనిది. మాట లేని చోట కూడా ఆ చూపు పనిచేస్తుంది.

‘బాబాయ్ హోటల్’ (1992), ‘రంగమార్తాండ’ (2023)లలోని గంభీర నటనకు మాత్రం ‘కామెడీ’ అన్న శీర్షిక కింద చోటే లేదు. ఈ ఫిర్యాదు రెండు తరాలదీ.