సరిహద్దుకు ఈవలి కార్ఖానా

జర్మనీలో బవేరియా రాష్ట్రపు ఉత్తర కొసన, ష్ట్రాయ్ ఏటి ఒడ్డున మెల్‌రిష్‌టాట్ అనే చిన్న పట్టణం ఉన్నది. పాత కోటగోడ కొంతమేర నేటికీ నిలిచి ఉన్నది. పశ్చిమాన రోన్ కొండలు. కొద్ది కిలోమీటర్ల దూరంలోనే తురింగియా పొలిమేర. యాత్రికులను రప్పించే వింతలు ఇక్కడ అంతగా లేవనే చెప్పాలి. అయినా ఎయిర్ రైఫిళ్ల మంచిచెడ్డలు ఎరిగినవారు ఈ ఊరి పేరును గౌరవంతో తలుస్తారు. వైరౌఖ్ కుటుంబపు కార్ఖానా ఉన్నది ఇక్కడే.

ఆ కుటుంబపు సొంత ఊరు మాత్రం ఇది కాదు. హెర్మన్ వైరౌఖ్ 1899లో కార్ఖానా పెట్టినది తురింగియా అడవుల నడుమ, నేడు త్సెల్లా-మేలిస్ అని పిలిచే ఊరిలో. వాల్తర్, ఆన్‌షుట్స్ వంటి పేరుమోసిన తుపాకి సంస్థలకూ అదే పుట్టినిల్లు. 1945 ఏప్రిల్‌లో అమెరికన్ సేనలు ఆ ప్రాంతాన్ని పట్టుకొని, జూలైలో సోవియట్లకు అప్పగించాయి. మిగతా సంస్థల వలెనే వైరౌఖ్ కుటుంబమూ పడమటికి వచ్చి, 1948లో మెల్‌రిష్‌టాట్‌లో మళ్లీ పని మొదలుపెట్టింది. తిన్నగా కొలిస్తే రెండు ఊళ్ల మధ్య 40 కిలోమీటర్లైనా లేదు. కాని ఆ కాస్త దూరంలోనే ముళ్లకంచెలు, కాపలా బురుజులు లేచాయి. 1989 వరకు అవి తొలగలేదు.

ఓడిన జర్మనీలో ఆయుధాల తయారీ నిషిద్ధం. తుపాకి గొట్టాలకు అలవాటు పడిన చేతులు సైకిలు భాగాలను చేశాయి. 1950 ప్రాంతంలో ఎయిర్ రైఫిళ్లకు అనుమతి లభించాక పాత విద్యకు మళ్లీ పని దొరికింది.

ఎయిర్ రైఫిల్ మనకు కొత్తది కాదు. తిరునాళ్లలో బుడగలు పేల్చే తుపాకి ఈ జాతిదే. గొట్టాన్ని క్రిందికి వంచితే లోపలి స్ప్రింగు నొక్కుకుంటుంది. మీట నొక్కగానే అది పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. నలిగిన గాలి సీసపు గుండును వెళ్లగొడుతుంది. చిక్కంతా ఆ లిప్తలోనే ఉన్నది. పిస్టన్ ముందుకు దూకేటప్పుడు తుపాకి వెనక్కు తంతుంది, పిస్టన్ ఆగగానే ముందుకు ఊగుతుంది. స్ప్రింగు విచ్చుకుంటూ మెలి తిరుగుతుంది, ఆపైన ఖంగుమని వణుకుతుంది. ఈ అలజడిని చేతులు ఎరిగి ఉంటే తప్ప గురి నిలువదు.

స్ప్రింగు స్థానంలో బిగించి మూసిన గాలినే ఉంచాలన్న ఊహను 1980లలో ఆచరణలో పెట్టినది బ్రిటన్‌లోని థియోబెన్ సంస్థ. ఆ పద్ధతిని తీసుకొని మెల్‌రిష్‌టాట్‌లో చేసినదే హెచ్‌డబ్ల్యు 90. కారు వెనుక తలుపును ఎత్తి నిలిపే కడ్డీలోనూ ఇదే సూత్రం. సైకిలు ట్యూబులోని గాలికి అనేక రెట్లు పీడనం గల గాలి ఆ పిస్టన్‌లో బందీ. దానికి మెలిక లేదు, వణుకు లేదు. తన్ను ఉన్నా క్షణంలో ముగుస్తుంది. ఎంతసేపు నొక్కి ఉంచినా స్ప్రింగు వలె అలసిపోదు. పీడనాన్ని చేతిపంపుతో హెచ్చించుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

అయితే ఇందులో క్షమ అన్నది లేదు. స్ప్రింగు బలహీనపడినా తుపాకి కొంతకాలం పేలుతుంది. ఇక్కడ లోహపు నునుపులో వెంట్రుకవాసి గీత పడినా, గాలిని ఆపే బిరడా అరిగినా, ఊపిరి మెల్లగా జారిపోతుంది. అందుకే దీని పనితనం చెక్కడపు సొగసులో గాక, కంటికి కనబడని ఆ లోపలి గోడలో ఉన్నది. బలం చూసి మెచ్చుకొనేవారికి ఇది రుచించకపోవచ్చు. జర్మనీలో 18 ఏళ్లు నిండినవారు లైసెన్సు లేకుండా కొనదగిన ఎయిర్ రైఫిల్ శక్తికి 7.5 జౌళ్లే హద్దు. అంత చిన్న శక్తితో పోటీ పడవలసినప్పుడు నిలకడ ఒక్కటే మిగిలే గొప్ప.

త్సెల్లా-మేలిస్‌లో తుపాకులకు పరీక్షముద్ర వేసిన పాత శాల నేడు మ్యూజియం. రెండు ఊళ్ల మధ్య కారులో గంట కూడా పట్టదు. పాత రోడ్డు మీదుగా పోతే, 1973లో తెరిచిన సరిహద్దు ద్వారం వద్ద ఇప్పుడు కాపలావాళ్లు లేరు. గడ్డి మైదానంలో శిల్పాలు నిలబెట్టారు. బండి ఆపి చూసేవారు చూస్తారు, లేనివారు సాగిపోతారు.