మూడోసారి రాసిన ఎం-వన్

75కి 19. పాసవ్వాలంటే 26 రావాలి. 2011 వేసవి ముందు, హాస్టల్ ఎదురుగా ఉన్న నెట్ సెంటర్లో హాల్‌టికెట్ నంబరు కొట్టి చూసుకున్న నా మొదటి ఇంజినీరింగ్ ఫలితం అది. మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కాయి. పోయింది లెక్కలు, ఎం-వన్ అనే పేపరు. ఇంటర్‌లో నాలుగు లెక్కల పేపర్లూ కలిపి 300కి 281 తెచ్చుకున్న పిల్లని. ఊళ్లో నాకు పేరు తెచ్చిందే లెక్కలు.

మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న ఊరు. ఇంటర్ దాకా ప్రభుత్వ కాలేజీలో, తెలుగు మీడియంలో చదివాను. అవధి, అవిచ్ఛిన్నత, ప్రమేయం, అవకలనం, సదిశ అన్న మాటలు నాకు కంచంలో అన్నమంత తెలుసు. ఇంజినీరింగ్ క్లాసులో మొదటి వారమే అవి లిమిట్, కంటిన్యుటీ, ఫంక్షన్, డిఫరెన్షియేషన్, వెక్టర్ అయ్యాయి. నెల రోజులు ప్రతి మాటనీ మనసులో తిప్పుకుని అర్థం చేసుకునేదాన్ని. నేను ఒక మాట తిప్పుకునేలోపు బోర్డు మీద మూడు లైన్లు పడిపోయేవి. దానికి ఇంగ్లిషునే తప్పుపడుతూ చాలాకాలం గడిపాను. భాష కష్టం నిజమే, కానీ డిసెంబరుకల్లా మాటలు పట్టుబడ్డాయి. అప్పుడూ లెక్క పట్టుబడలేదు.

మొదట తగిలిన దెబ్బ అవధి దగ్గరే. ఇంటర్‌లో అవధి అంటే ఒక గీత మీద ఒక బిందువు. ఎడమ నుంచి రావచ్చు, కుడి నుంచి రావచ్చు, రెండూ కలిస్తే అవధి ఉన్నట్టు. రెండు చలరాశులు వచ్చేసరికి ఆ బిందువు మైదానం మధ్యలో నిలబడింది. దాని దగ్గరికి ఎన్ని దారులైనా ఉన్నాయి. ఒక లెక్క ఇప్పటికీ గుర్తుంది: పైన ఎక్స్ స్క్వేర్ వై, కింద ఎక్స్ ఘాతం నాలుగు ప్లస్ వై స్క్వేర్. మూలబిందువు వైపు ఏ సరళరేఖ మీద నడిచినా సున్నా వస్తుంది. నేను నాలుగు రేఖల మీద చూసి, జవాబు సున్నా అని రాసేశాను. వై ఈక్వల్ టు ఎక్స్ స్క్వేర్ అన్న వంపు మీద వస్తే సగం వస్తుంది. అంటే అవధే లేదు. అన్ని రేఖలూ ఒప్పుకున్నా ఒక్క వంపు ఒప్పుకోకపోతే చాలు. నాకు వెన్నులో చలి పుట్టింది. నాలుగు చోట్ల చూసి తేల్చెయ్యడం మీదే నా చదువంతా నడిచిందని అప్పుడు తెలిసింది.

ఎంసెట్ కోసం నేర్చిన పద్ధతి అది. బిట్టు చూడు, గుర్తుపట్టు, సూత్రం పెట్టు, టిక్కు పెట్టు. బొమ్మ గీసే తీరిక ఎవరికీ లేదు. గీయమన్నవారూ లేరు.

రెండో దెబ్బ డబుల్ ఇంటిగ్రల్స్ దగ్గర. వాటిని పోలార్‌లోకి మార్చినప్పుడల్లా ఆర్ మర్చిపోయేదాన్ని. డిఎక్స్ డివై బదులు ఆర్ డిఆర్ డితీటా అని రాయాలి. ఆ ఆర్ ఎందుకో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. క్లాసులో అడగడానికి నోరు రాలేదు. 'ఇదంతా ఇంటర్‌లో అయిపోయింది కదా' అన్న మాట ఒకటి ప్రతి గంటా వినిపించేది. అయిపోయిన దాన్ని అడిగితే అందరూ తిరిగి చూస్తారని భయం.

హాస్టల్లో పై సంవత్సరం అక్క ఒకామె నా నోట్సు చూసి ఒకటే అడిగింది. "ఇందులో ఒక్క బొమ్మా లేదేం?" నేను జవాబు చెప్పలేదు. ఆమె కాగితం మీద కేంద్రం నుంచి రెండు గీతలు, వాటి మధ్య రెండు చాపాలు గీసి, "ఈ చిన్న ముక్క ఒక వైపు పొడవు డిఆర్. రెండో వైపు?" అంది. కేంద్రం నుంచి దూరం పోయేకొద్దీ చాపం పెద్దదవుతోంది. ఆ దూరాన్ని డితీటాతో గుణిస్తేనే దాని పొడవు. ఆర్ అక్కడుంది. "అది లేకుండా వృత్త వైశాల్యం కట్టి చూడు" అంది. కట్టాను. వ్యాసార్థం 'ఏ' అనుకుంటే, రెండు పై ఏ వచ్చింది. అది వైశాల్యం కాదు, చుట్టుకొలత. అప్పటికి పరీక్ష అయిపోయింది, 19 వచ్చేసింది.

ఆ వేసవి ఇంటికి వెళ్లాను. అమ్మ ఉపాధి హామీ పనికి పోతోంది, చెరువులో పూడిక తీత. తెల్లవారుజామున అమ్మతో నేనూ వెళ్లేదాన్ని. ఫెయిలయిన సంగతి ఇంట్లో చెప్పలేదు. గంపెత్తుతూ ఉంటే ఆ మాట అడిగేవాళ్లు ఉండరని కూడా వెళ్లాను. ఆ పనిలో కూలి రోజుకింత అని ఊరికే వచ్చేది కాదు. తవ్విన మట్టి కొలిచి కట్టేవారు. ఓ రోజు కొలతలకి వచ్చినాయన గుంట పొడవు, వెడల్పు టేపుతో పట్టి, లోతు అంచు దగ్గర ఒకచోట చూసి రాసుకోబోయాడు. అమ్మ అడ్డం పడింది.

"బాబూ, అంచున లోతు తక్కువుంటది. నడుమ సూడు. ఒక్క సోట కొలిస్తే మా కూలి పోద్ది."

ఆయన మళ్లీ దిగి ఐదారు చోట్ల కొలిచి సగటు తీశాడు. నేను గట్టున గంప పట్టుకుని నిలబడిపోయాను. చెరువు నేల మీద గళ్లు గీసి, ఒక్కో గడి వైశాల్యాన్ని అక్కడి లోతుతో గుణించి, అన్నీ కలిపితే తవ్విన మట్టి. గళ్లు ఎంత చిన్నవైతే లెక్క అంత నిజం. డబుల్ ఇంటిగ్రల్ అంటే అదే. సెమిస్టరంతా నేను లోతు సూత్రాన్నే చూస్తూ కూర్చున్నాను, గుంట అంచులు ఎక్కడున్నాయో ఒక్కసారీ చూడలేదు.

"ఏటే అలా సూస్తన్నావు?" అంది అమ్మ. ఆ రాత్రే ఫెయిలయ్యానని చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పరీక్ష ఫీజు ఎంతని అడిగింది.

ఇంటిగ్రేషన్ ఆర్డర్ మార్చే లెక్కలు ఆ నెలలోనే వచ్చాయి. ఒకటి చెబుతాను. ఈ ఘాతం వై స్క్వేర్‌ని మొదట వై మీద ఎక్స్ నుంచి ఒకటి దాకా, తర్వాత ఎక్స్ మీద సున్నా నుంచి ఒకటి దాకా సమాకలనం చెయ్యాలి. వై మీద మొదలుపెడితే ముందుకు పోదు. ఆ ప్రమేయానికి మనకు తెలిసిన ప్రమేయాలతో రాయగల సమాకలని లేదు. మొదటి పరీక్షలో దాని మీద నలభై నిమిషాలు పోగొట్టుకున్నాను. బొమ్మ గీస్తే అదొక త్రిభుజం, అంతే. నిలువు గీతలతో కోసే చోట అడ్డగీతలతో కొయ్యాలి. అప్పుడు ఎక్స్ సున్నా నుంచి వై దాకా పోతుంది, ఒక వై బయటికి వచ్చి ముందు నిలబడుతుంది, లెక్క రెండు లైన్లలో తేలుతుంది. జవాబు ఈ మైనస్ ఒకటి బై రెండు.

సప్లీ రాశాను. 23 వచ్చింది. ఇంటిగ్రల్స్ బాగా రాశాను. వెక్టర్ కాలిక్యులస్ యూనిట్లు రెండూ దాదాపు ఖాళీగా వదిలేశాను. మూడు మార్కులు తక్కువ. మొదటిసారి కంటే ఈసారే ఎక్కువ ఏడ్చాను, ఎందుకంటే ఈసారి చదివి పోయింది. కింది బ్యాచ్ పిల్లలతో కూర్చుని మళ్లీ అదే పేపర్ రాయాలి. రెండో సంవత్సరం సబ్జెక్టులు మీద పడుతున్నాయి.

నేను ఖాళీగా వదిలేసిన యూనిట్లలో గ్రీన్ సిద్ధాంతం, స్టోక్స్ సిద్ధాంతం ఉన్నాయి. లైబ్రరీలో గ్రీన్ గురించి చదివింది అప్పుడే. జార్జ్ గ్రీన్ ఇంగ్లండులో నాటింగ్‌హామ్ దగ్గర గాలిమరలో పిండి ఆడించినవాడు. బడికి వెళ్లింది చిన్నతనంలో ఏడాది చిల్లర. 1828లో సొంత ఖర్చుతో, చందాదారుల సాయంతో ఒక పుస్తకం వేసుకున్నాడు. ఆయన పేరున ఉన్న సిద్ధాంతం ఆ పుస్తకంలోని ఆలోచనల్లోంచి వచ్చిందే. కేంబ్రిడ్జిలో విద్యార్థిగా చేరేసరికి ఆయనకి నలభై ఏళ్లు. స్టోక్స్ సిద్ధాంతం సంగతి ఇంకా వింత. 1850లో కెల్విన్ దాన్ని స్టోక్స్‌కి ఉత్తరంలో రాశాడు. 1854లో కేంబ్రిడ్జి స్మిత్ బహుమతి పరీక్షలో స్టోక్స్ దాన్ని ప్రశ్నగా ఇచ్చాడు. ఆ పరీక్ష రాసినవాళ్లలో మాక్స్‌వెల్ ఉన్నాడు. నాకు గుండెల్లో రాయిలా ఉన్న ఆ సిద్ధాంతం అచ్చులోకి వచ్చిందే పరీక్ష ప్రశ్నగా. అది చదివాక ఆ పేజీ మీద కోపం పోయింది. ఎందుకో చెప్పలేను.

స్టోక్స్ సిద్ధాంతంలో వచ్చే కర్ల్ అంటే నీళ్లలో చిన్న చక్రం పెడితే అది ఆ చోట ఎంత తిరుగుతుందో చెప్పేది అని హాస్టల్ అక్క చెప్పింది. ఆ ఒక్క మాట పట్టుకుని మూడు నెలలు కూర్చున్నాను. రోజుకి రెండు లెక్కలు, ప్రతిదానికీ ముందు బొమ్మ. కరెంటు పోతే కొవ్వొత్తి.

మూడో పరీక్షలో స్టోక్స్ సిద్ధాంతం సరిచూడమన్నారు. ఒక యూనిట్ వ్యాసార్థమున్న అర్ధగోళం, దాని అంచు వృత్తం. ముందు బొమ్మ గీశాను. అంచు వెంట కట్టాను, పై వచ్చింది. తర్వాత కర్ల్ తీశాను. రెండు భాగాలు కొట్టుకుపోయి నిలువు దిక్కున ఒకటి మిగిలింది. ఇక అర్ధగోళం వంపుతో పనే లేదు, నేల మీద దాని నీడ ఎంత ఉందో అదే జవాబు. నీడ యూనిట్ వృత్తం. వైశాల్యం పై. నాకు చేతులు వణికాయి. పెన్ను కింద పెట్టి, నీళ్లు తాగి, తర్వాతి ప్రశ్నకి వెళ్లాను.

75కి 41. అదే నెట్ సెంటర్లో చూసుకున్నాను. అమ్మకి ఫోన్ చేస్తే చెరువు దగ్గరుందట, పక్కింటావిడ ఎత్తింది. సాయంత్రం అమ్మే చేసింది. అయిపోయిందా అని అడిగింది. అయిపోయిందమ్మా అన్నాను.