మేము వెనక్కి తీసుకున్న మాట

వుజూలో తల మస్హ్ చేసిన పిదప, తడి వేళ్లతో చెవులు తుడుచుకోవడాన్ని పిల్లలకు మొదటి నెలలోనే నేర్పుతాము. చూపుడు వేలు చెవి లోపలి మడతలలో, బొటనవేలు చెవి వెనుక. తిరువూరులోని మా చిన్న మద్రసాలో ఇరవై ఎనిమిదేళ్లుగా అదే పాఠం. గత సంవత్సరం ఆ పాఠానికి మేము ఒక మాట చేర్చాము. ఆ మాట వల్ల జరిగినదాన్ని పాఠకులకు చెప్పుకోవడం మా బాధ్యత అని భావిస్తున్నాము.

ఫోనులో ఎవరో పంపిన సందేశం అది. చెవిలో ఒక నరం ఉందనీ, అది గుండె దాకా వెళుతుందనీ, పాశ్చాత్య వైద్యులు ఆ నరానికి విద్యుత్తు ఇచ్చి గుండె జబ్బులు నయం చేస్తున్నారనీ, వుజూలో చెవుల మస్హ్ వెనుక రహస్యం ఇదేననీ దాని సారాంశం. చదవగానే మనసు ఉప్పొంగింది. మరునాడు జుహ్ర్ నమాజు తర్వాత పిల్లలకు వినిపించాము. "రోజుకు అయిదుసార్లు చెవులు తుడిచేవాడి గుండెకు ఢోకా లేదు" అని మా సొంత వాక్యం కూడా ఒకటి కలిపాము.

హిఫ్జ్ తరగతిలో పన్నెండేళ్ల పిల్లవాడొకడు ఉన్నాడు. తండ్రి ఆటో నడుపుతారు. ఆయనకు గుండె దడ జబ్బు. రెండేళ్లుగా మాత్రలు వాడుతున్నారు. పది రోజుల తర్వాత ఆ పిల్లవాడు సబక్ వినిపించలేక తల దించుకుని కూర్చున్నాడు.

"ఏమయింది బేటా?" అని అడిగాము.

"రాత్రి అబ్బాకు ఊపిరి ఆడలేదు హజ్రత్. మీరు చెప్పింది అబ్బాకు చెప్పాను. మాత్రలు మానేసి, మాటిమాటికీ వుజూ చేస్తున్నారు."

ఆ క్షణాన మాకు కాళ్లు ఆడలేదు. వెంటనే ఆ ఇంటికి వెళ్లి, ఆయనను వెంటబెట్టుకుని మైలవరం మీదుగా విజయవాడకు బయలుదేరాము. దారి పొడవునా మా నోట దుఆ తప్ప మరో మాట రాలేదు.

వైద్యులు ఈసీజీ తీయించి, ఆయనను చేర్చుకుని, మాత్రలు తిరిగి మొదలుపెట్టారు. ఆ జబ్బు పేరు ఏట్రియల్ ఫిబ్రిల్లేషన్. గుండె పై గదులు సరిగా ముడుచుకోక వణుకుతుంటాయి. అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఆయన మానేసినవాటిలో రక్తం గడ్డకట్టకుండా కాపాడే మాత్ర కూడా ఉంది. అల్లాహ్ దయవల్ల అంత ప్రమాదం జరగలేదు.

మా తప్పు దాచకుండా వైద్యులతో చెప్పాము. ఆయన కోపగించలేదు. "మౌల్వీ గారూ, నరం ఉన్నమాట నిజమే. మిగిలినదే నిజం కాదు" అన్నారు.

మెదడు నుండి వెలువడే పన్నెండు జతల నరాలలో పదవది వేగస్. లాటిన్ భాషలో ఆ పేరుకు సంచారి అని అర్థం. మెడ గుండా దిగి గుండెకు, ఊపిరితిత్తులకు, జీర్ణకోశానికి చేరుతుంది. దాని చిన్న శాఖ ఒకటి చెవికి కూడా వస్తుంది. చెవి లోపల శుభ్రం చేసుకునేటప్పుడు కొందరికి దగ్గు రావడం దానివల్లనే. ఈ నరం గుండెకు కళ్లెం వంటిది. 1921లో ఆటో లోయీ అనే శాస్త్రజ్ఞుడు కప్ప గుండెకు వెళ్లే ఈ నరాన్ని ప్రేరేపించి, ఆ గుండెను తడిపిన ద్రవాన్ని మరో కప్ప గుండెకు తగిలించగా అది కూడా నెమ్మదించింది. నరం ఒక రసాయనం ద్వారా గుండెను నిదానింపజేస్తుందని అలా తేలింది. 1936లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

చెవి ద్వారా చికిత్స సంగతీ వైద్యులు వివరించారు. అమెరికాలోని ఓక్లహోమా విశ్వవిద్యాలయం వారు 53 మంది రోగులపై చేసిన పరీక్ష 2020లో ప్రచురితమయింది. చెవి రంధ్రం ముందు చిన్న తలుపులా ఉండే భాగానికి క్లిప్పు తగిలించి, కొలిచిన స్వల్ప విద్యుత్తును రోజుకు ఒక గంట చొప్పున ఆరు నెలలు పంపారు. పోల్చి చూడడానికి మరికొందరికి, వేగస్ శాఖ చేరని చెవి తమ్మెకు పంపారు. మొదటివారిలో గుండె లయ తప్పడం గణనీయంగా తగ్గింది. "ఆశ కలిగించే ఫలితమే. కానీ అది చిన్న పరీక్ష. పైగా అది విద్యుత్తు, తడి వేలు కాదు. దాన్ని నమ్మి మాత్రలు మానమని ఎవరూ చెప్పలేదు" అన్నారు.

యాభై దాటినవారమని మాకూ ఈసీజీ తీయించారు. నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలమన్నారు. రెండు కాగితాలూ పక్కపక్కన పరిచి చూపారు. మా గుండె కొట్టుకోవడంలోనూ ఎడం సమానంగా లేదు! ఊపిరి పీల్చినప్పుడు కొంచెం తగ్గింది, వదిలినప్పుడు కొంచెం పెరిగింది. ఈ మార్పునే హార్ట్ రేట్ వేరియబిలిటీ అంటారట. వయసుతోపాటు ఇది తగ్గుతుంది. గుండెపోటు వచ్చినవారిలో మరీ తగ్గితే అది ప్రమాద సూచన. పిల్లవాని తండ్రి కాగితంలోనూ ఎడం మారుతోంది, కానీ ఏ క్రమమూ లేకుండా. అలాంటి లయలో ఆ అంకె ఎక్కువగా కనిపించినా ఆరోగ్యమని అర్థం కాదు.

ఇది మాకు తజ్వీద్ ద్వారా సులభంగా బోధపడింది. మద్ద్ ఉన్నచోట స్వరం సాగుతుంది, వక్ఫ్ వద్ద ఆగుతుంది. అన్ని అక్షరాలూ ఒకే కొలతతో పలికితే అది తిలావత్ కాదు. నియమం లేకుండా సాగదీసినా కాదు.

"మరి చెవికి విద్యుత్తు ఇస్తే ఈ మార్పు పెరుగుతుందా?" అని అడిగాము. 2021లో అనేక పరీక్షలను కలిపి చూసిన పరిశోధకులకు అలా పెరుగుతుందనడానికి ఆధారం దొరకలేదని చెప్పారు. అంతా తెలిసిన వైద్యులు ఇంత ఆచితూచి మాట్లాడుతుంటే, ఏమీ తెలియని మేము ఎంత ధీమాగా పలికామో గుర్తొచ్చి సిగ్గుపడ్డాము.

తిరిగి వచ్చిన మరునాడు పిల్లలందరినీ కూర్చోబెట్టి, ఆనాడు మేము చెప్పింది తప్పని చెప్పాము. ఒక చిన్నవాడు లేచి, "అయితే చెవులు ఎందుకు తుడవాలి హజ్రత్?" అన్నాడు.

"దైవప్రవక్త (స) అలా చేశారు గనుక. మనకు అది చాలు."

నిజానికి ఆ జవాబు మాకు ముందునుంచీ తెలిసినదే. ఆరాధనకు వైద్యాన్ని ఊతకర్రగా నిలబెట్టబోయాము. రేపు ఆ పరిశోధన మారితే, ఊతకర్రతోపాటు పసిమనసులోని విశ్వాసమూ ఒరిగిపోదా? తెలియని దాని వెంట పడవద్దని వారించే బనీ ఇస్రాయీల్ సూరాలోని ఆయత్‌ను ఏటా పిల్లలకు బోధిస్తాము. చెవి, కన్ను, హృదయం మూడింటి గురించీ లెక్క అడగబడుతుందని అక్కడే ఉంది. ఫోనులో వచ్చిన మాట విన్నది మా చెవే, పరీక్షించకుండా నమ్మింది మా హృదయమే.

ఆ సోదరుడిని క్షమాపణ కోరితే, "తొందరపడింది నేనే హజ్రత్" అన్నారు. ఆయన మంచితనం మా భారాన్ని తగ్గించలేదు. ఇప్పుడు ఫజ్ర్ తర్వాత మాత్ర ఇచ్చే పని పిల్లవాడిదే. ఇచ్చి వచ్చాకే సబక్ మొదలు.

పాఠకులకు మా మనవి: చెవికి తగిలించుకునే ఇలాంటి పరికరాలను వైద్యుని సలహా లేకుండా కొనకండి. ఎవరు చెప్పినా, మాలాంటి గడ్డపువాళ్లు చెప్పినా సరే, వైద్యుని అడగకుండా మాత్ర మానకండి. తెలియనిచోట మౌనం వహించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.