నూరు మీటర్లు దాటాక

తిరుపతి నుంచి చిత్తూరు పోయే రోడ్డు వెంబడి కరెంటు స్తంభాల మీద ఇంకో దారి సాగుతుంది. చిటికెన వేలంత లావున్న నల్ల కేబులు, అందులో వెంట్రుకంత సన్నని గాజు పోగులు. తొండవాడ దగ్గర స్వర్ణముఖిని దాటి, చంద్రగిరి కోటను పట్టించుకోకుండా, పనబాకం మీదుగా నేండ్రగుంట చేరుతుంది. నేల తవ్వకుండా స్తంభాల మీదే ఫైబరు లాగే పద్ధతి మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్‌తో ఊళ్లకు తెలిసింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే నెట్టు అన్నారు.

ఈ పెద్ద దారికి దూరం లెక్క కాదు. గాజులో వెలుగు పది, ఇరవై కిలోమీటర్లు అలవోకగా పోతుంది. చిక్కంతా హైవే వదిలి, పాకాల మీదుగా దామలచెరువు వైపు తిరిగి ఊళ్లలోకి దిగాకే. నేను పెరిగింది ఆ పక్కనే.

ఫైబరు ఇళ్ల దాకా రాకముందు మా కేబులోళ్లు నీలం రంగు లాన్ వైరు మీదే నెట్టు తెచ్చారు. ఆ వైరుకు హద్దు 100 మీటర్లు: అసలు వైరు 90, రెండు కొసల్లో తగిలించే ముక్కలు 10. రాగిలో దూరం పోయేకొద్దీ సిగ్నలు నీరసిస్తుంది, పక్క జత తీగల రొద దాన్ని మింగేస్తుంది. అందరూ ఒకే దారిని పంచుకునే పాత హబ్బుల కాలంలో ఇంకో కారణమూ ఉండేది. ఇద్దరు ఒకేసారి పంపితే డేటా ఢీకొంటుంది, ఆ సంగతి పంపిన కంప్యూటరుకు సకాలంలో తెలియాలి. 100 ఎంబీపీఎస్ వేగంలో అందుకు గడువు 5.12 మైక్రోసెకన్లే, వైరు పొడవైతే అది చాలదు.

మా వీధి నూరు మీటర్లతో అయిపోదు. అందుకని తొంభై మీటర్లకొక మిద్దె చూసుకుని, దాని మీద రేకు డబ్బా బిగించి, లోపల స్విచ్చు పెట్టేవాళ్లు. అందిన సిగ్నలును స్విచ్చు మళ్లీ కొత్తగా పుట్టించి పంపుతుంది కాబట్టి, అక్కడి నుంచి ఇంకో నూరు మీటర్లు దక్కుతాయి. స్విచ్చుకు కరెంటు కావాలి. "కరెంటు నాది, సంపాదన మీదా నైనా?" అని ఒక పెద్దమ్మ నిలదీస్తే ఆ ఇంటికి నెట్టు ఉచితం చేశారు. వీధంతా అలాంటి ఒప్పందాల మీదే నడిచింది. ఆమె కూతురింటికి పోతూ మెయిన్ ఆపేస్తే, అవతలి ఇళ్లన్నిటికీ నెట్టు పోయేది. డబ్బా మూత తీస్తే ఎండిపోయిన బల్లి, చీమలు పెట్టిన మట్టి, చిలుము పట్టిన పిన్నులు, క్లిప్పు విరిగితే దారంతో కట్టిన వైరు. మే నెలలో ఉరుములతో గాలివాన వస్తే, మిద్దె నుంచి మిద్దెకు వేలాడే రాగి తీగ పిడుగు దెబ్బను లోపలికి మోసుకొచ్చేది. పోర్టులు వరసగా కాలిపోయేవి.

మామిడి మండీల్లో ఇదే కథ ఇంకో రకం. కాటా, దాని మీద నిఘా కెమెరా ఒక మూల, ఆఫీసు ఇంకో మూల, నడుమ నూట యాభై మీటర్ల పైమాటే. కెమెరాల కోసం చేసిన కొన్ని స్విచ్చుల్లో ఎక్స్‌టెండ్ మీట ఉంటుంది. దాన్ని నొక్కితే వేగం 10 ఎంబీపీఎస్‌కు తగ్గి, 250 మీటర్ల దాకా బొమ్మ, కరెంటు రెండూ ఒకే వైరులో పోతాయి. కాటా కెమెరాకు ఆ వేగం చాలు. కానీ వైరు నిజంగా రాగిదై ఉండాలి. బ్లేడుతో గీకితే తెల్లగా బయటపడే అల్యూమినియం తీగకు రాగి పూత పూసి, రాగి వైరని అమ్ముతున్నారు. దాని నిరోధం రాగికి ఒకటిన్నర రెట్లు. పగలంతా బాగానే పనిచేసిన కెమెరా, చీకటి పడి దాని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానే కరెంటు చాలక ఆగిపోతుంది. రాత్రిపూట తోతాపురి లోడు దించే రైతుకు, తూకంలో తేడా వస్తే చూపించుకోవడానికి ఉన్నది ఆ కెమెరా ఒక్కటే. ఆ వైరు అమ్మేవాళ్లు కొట్టేది రైతు కడుపు.

ఇక ఊరి చివర. ఆఖరి మిద్దెకూ దళితవాడ మొదటి ఇంటికీ నడుమ చేలు, చెరువు కట్ట, రెండు మూడు వందల మీటర్లు. డబ్బా పెట్టుకోవడానికి నడుమ మిద్దె లేదు, కరెంటిచ్చే ఇల్లు లేదు. "అక్కడికి వైరు అందదన్నా" అనేసేవాళ్లు. 2020లో బళ్లు మూసి పాఠాలు ఫోన్లలోకి వచ్చినప్పుడూ అదే జవాబు. రెండు కొసల్లో రాగి సిగ్నలును వెలుగుగా, వెలుగును మళ్లీ రాగి సిగ్నలుగా మార్చే రెండు మీడియా కన్వర్టర్లు, నడుమ సన్న ఫైబరు వేస్తే కిలోమీటర్ల దూరమైనా అందుతుంది. దారిలో కరెంటు అక్కర్లేదు, పిడుగు భయం లేదు. ఈ ఉపాయం కేబులోళ్లకు కొత్తేమీ కాదు. మండీ షావుకారు అడిగితే మర్నాడే చేసిపెట్టారు. వాడను ఊరికి దూరంగా నెట్టింది మనుషులు. ఆ దూరాన్ని ఇప్పుడు వైరు నిబంధన మీదకు తోసేస్తే ఊరుకోవడం నా వల్ల కాదు.

పెద్ద కేబులు పూతలపట్టు, చిత్తూరు దాటి కుప్పం వైపు పోతుంది. దాని వెంట నేను పోలేదు, నా పని ఇక్కడే ఉంది. ఇప్పుడు ఊళ్లలోకీ ఫైబరు వస్తోంది. ఒక్క పోగును స్ప్లిట్టరుతో 32 ఇళ్లకు పంచవచ్చు, ఆ స్ప్లిట్టరుకు కరెంటే అక్కర్లేదు. అది ఏ స్తంభానికి కట్టాలో తేల్చేవాళ్లను అడుగుతున్నాను: మొదటిది వాడలో కట్టండి, అక్కడి నుంచి ఊళ్లోకి లాగండి.